"ఏ రిమోట్‌తోనైనా పనిచేస్తుంది" అనే యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్ కొనేముందు కాస్త ఆగండి

రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) మీదో పాత పీసీ మీదో కోడి (సినిమాలు, పాటలు నడిపే ప్రోగ్రామ్) పెట్టుకుని, ఇంట్లో ఉన్న మామూలు ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) రిమోట్‌తో దాన్ని నడుపుదామనుకునేవాళ్ల కోసం ఇది. ఆన్‌లైన్‌లో "ఎంసీఈ రిమోట్ విత్ యూఎస్‌బీ రిసీవర్, లైనక్స్ సపోర్ట్, కోడి సపోర్ట్, ఏ రిమోట్‌తోనైనా పనిచేస్తుంది" అని అమ్ముతుంటారు చూడండి (ఎంసీఈ అంటే విండోస్ మీడియా సెంటర్ కోసం వచ్చిన రిమోట్ రకం), అందులో ఆ చివరి ముక్క నమ్మి కొనకండి. నేను నమ్మాను. 849 రూపాయలు. రీప్లేస్‌మెంట్ అడిగితే మళ్లీ అదే వచ్చింది.

మా టీవీ పాతది, హెచ్‌డీఎంఐ ఉంది కానీ సీఈసీ (హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా టీవీ రిమోట్‌తోనే వేరే పరికరాన్ని నడిపే సౌకర్యం) లేదు. మీ టీవీలో సీఈసీ ఉండి, మీది రాస్ప్‌బెర్రీ పై అయితే ఈ గొడవే అక్కర్లేదు, టీవీ సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే టీవీ రిమోటే కోడిని నడుపుతుంది (శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీలో సింప్‌లింక్ అనీ ఉంటుంది, పేరు చూసి కంగారుపడకండి). నాకా దారి లేదు. నాన్నకేమో ఫోన్ యాప్ నచ్చదు. "ఫోన్ తీసి, లాక్ తీసి, ఆ యాప్ వెతికేలోపు సీను అయిపోతోందిరా" అంటారు. అది నిజమే.

సరే, పార్సిల్ వచ్చింది. వేలెడంత డాంగిల్, నిండా బటన్లున్న రిమోట్, మధ్యలో విండోస్ గుర్తున్న ఆకుపచ్చ బటన్. గుచ్చగానే బాణం బటన్లు, ఓకే పనిచేశాయి, ప్లే కూడా పనిచేసింది, నేను ఫుల్ హ్యాపీ. తర్వాత ఆ రిమోట్ పక్కనపెట్టి ఇంట్లోని వేరే రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఐఆర్-కీటేబుల్ (లైనక్స్‌లో రిమోట్ సిగ్నల్ పరీక్షించే కమాండ్) నడిపితే అసలు రిసీవరే కనపడలేదంది. డెవ్ ఫోల్డర్‌లో లిర్క్0 (ఐఆర్ రిసీవర్ ఉంటే కనపడాల్సిన ఫైల్) లేదు. ఏ పరికరాలు గుచ్చామో చెప్పే ఎల్ఎస్‌యూఎస్‌బీ, డీమెసేజ్ కమాండ్లు నడిపి చూస్తే అసలు సంగతి బయటపడింది, అక్కడున్నది యూఎస్‌బీ కీబోర్డ్, దాని పక్కన ఒక మౌస్. అంతే.

అంటే ఏంటంటే, ఆ డాంగిల్ లోపలి చిప్ తన రిమోట్ సిగ్నల్ మాత్రమే చదివి, దాన్ని అక్కడే కీబోర్డ్ షార్ట్‌కట్‌గా మార్చి పంపేస్తుంది. ప్లే నొక్కితే కంట్రోల్ షిఫ్ట్ పీ, ఆకుపచ్చ బటన్ నొక్కితే విండోస్ ఆల్ట్ ఎంటర్, ఇవన్నీ విండోస్ మీడియా సెంటర్ నాటి షార్ట్‌కట్లు, ఆ మీడియా సెంటర్‌ని 2015లో విండోస్ 10తోనే తీసేశారు. కోడి తన కీమ్యాప్‌లో (ఏ కీకి ఏ పని అనే జాబితాలో) ఆ షార్ట్‌కట్లు ఇంకా ఉంచింది కాబట్టి కొన్ని బటన్లు పనిచేస్తాయి, ఆ ధైర్యంతోనే సెల్లర్ "కోడి సపోర్ట్" అని రాసుకున్నాడు. అది అబద్ధం కాదు. "ఏ రిమోట్‌తోనైనా" అన్నదే పచ్చి అబద్ధం, ఎందుకంటే వేరే రిమోట్ సిగ్నల్ లైనక్స్ దాకా రానే రాదు, మీరు ఎన్ని కాన్ఫిగ్ ఫైళ్లు రాసినా దండగే. నేను రెండు రాత్రులు రాశాను మరి.

అసలైన ఎంసీఈ రిసీవర్ అయితే డీమెసేజ్‌లో ఎంసీఈయూఎస్‌బీ డ్రైవర్ పేరు కనిపిస్తుంది, లిర్క్0 వస్తుంది. అలాగని కీబోర్డ్‌లా కనిపించే ప్రతిదీ మోసం కాదు, ఫ్లిర్క్ అనే యూఎస్‌బీ రిసీవర్ కూడా కీబోర్డ్‌లాగే కనిపిస్తుంది, కాకపోతే ఏ రిమోట్‌లో ఏ బటన్‌కి ఏ కీ అనేది దానికి నేర్పించుకోవచ్చు. ధర మాత్రం చాలా ఎక్కువ.

సెల్లర్‌ని అడిగితే ముందు "విండోస్‌లో చెక్ చేయండి సార్" అన్నాడు. తర్వాత రిమోట్ ముందు ఫోన్ కెమెరా పెట్టి చూడమన్నాడు, లైట్ మెరిస్తే ప్రొడక్ట్ ఓకే అట. లైట్ మెరిస్తే రిమోట్ బతికుందని అర్థం, రిసీవర్ సంగతి దానితో ఏం తెలుస్తుంది? డబ్బులు మాత్రం రిటర్న్ ఇవ్వరట, రీప్లేస్‌మెంట్ ఒక్కటేనట. రెండోది వచ్చాక వెబ్‌సైట్ వాళ్లకే కంప్లైంట్ పెట్టాను. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రకటనలో చెప్పిన ఫీచర్లు లేని వస్తువుని వెనక్కి తీసుకోనంటే కుదరదని రాసి, ఎల్ఎస్‌యూఎస్‌బీ ఫోటో, లిస్టింగ్ స్క్రీన్‌షాట్ జోడించాను. పదకొండో రోజు డబ్బులు పడ్డాయి. తర్వాత లిస్టింగ్ తెరిచి చూస్తే "ఏ రిమోట్‌తోనైనా" అన్న లైన్ మాయం, కాబట్టి కొనేరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వాళ్లూ వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్.

ఇంకో చిన్న దెబ్బ కూడా తప్పింది. రాస్ప్‌బెర్రీ పై ఉన్నవాళ్లకి డాంగిలే అక్కర్లేదు, మూడు కాళ్ల టీఎస్ఓపీ38238 ఐఆర్ సెన్సార్ చాలు. కోఠిలో ఒక షాపులో అదే అడిగి తెచ్చుకున్నాను, కవర్ మీద పెన్నుతో 38238 అనే రాసిచ్చాడు. ఎందుకో అనుమానం వచ్చి ఫోన్ కెమెరా జూమ్ చేసి సెన్సార్ మీద అచ్చు చదివితే 1738 అని ఉంది! "రెండూ ఒకటే బాబూ" అన్నాడు షాపాయన. ఒకటి కాదు. 1738కి 5 వోల్టులు కావాలి, రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకి మించి తట్టుకోవు. పైగా కాళ్ల వరస వేరు, 38238కి అవుట్, గ్రౌండ్, పవర్ అయితే 1738కి గ్రౌండ్, పవర్, అవుట్. ఒకదాని బొమ్మ చూసి ఇంకోటి కలిపితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మార్చి ఇమ్మంటే సణుగుతూనే ఇచ్చాడు.

అది పెట్టాక పెద్ద పని లేదు. పవర్ 1వ పిన్నుకి, గ్రౌండ్ 6కి, అవుట్ 12కి (అదే జీపీఐఓ 18), కాన్ఫిగ్ ఫైల్‌లో జీపీఐఓ-ఐఆర్ ఓవర్‌లే (ఆ పిన్నుకి ఐఆర్ సెన్సార్ ఉందని చెప్పే సెట్టింగ్) ఒక్క లైన్, రీబూట్. నెట్‌లో పాత గైడ్లు దాని బదులు లిర్క్-ఆర్‌పీఐ అని చెబుతాయి, లైనక్స్ కెర్నెల్ 4.19 నుంచి అది లేదు, దాని జోలికి పోకండి. లిబ్రెలెక్‌లో (కోడి కోసమే చేసిన చిన్న లైనక్స్) అయితే ముందు కోడిని, రిమోట్ సిగ్నల్ అందుకునే ఈవెంట్‌లిర్క్‌డీ అనే ప్రోగ్రామ్‌ని ఆపితేనే ఐఆర్-కీటేబుల్ టెస్ట్‌లో బటన్లు కనిపిస్తాయి, ఇది తెలియక నేను సెన్సారే పోయిందనుకున్నాను.

రిమోట్ ఏది వాడాలంటే, టీవీది వద్దు, కోడిలో కిందికి నొక్కితే టీవీ కూడా ఏదో ఒకటి చేస్తుంది. ఈమధ్య వస్తున్న వాయిస్ రిమోట్లు చాలావరకు బ్లూటూత్, వాటికి ఈ సెన్సార్ పనికిరాదు. నేను ఎప్పుడో పాడైపోయిన డీవీడీ ప్లేయర్ రిమోట్ అటక మీంచి దింపాను. ఎన్ఈసీ ప్రోటోకాల్ (రిమోట్లు సిగ్నల్ పంపే పద్ధతుల్లో ఒకటి) పెట్టగానే ఒక్కో బటన్‌కీ స్కాన్‌కోడ్ (ఆ బటన్ నంబర్) వరసగా పడింది. నాన్న ఎజెక్ట్ బటన్‌కి కూడా ఏదో ఒక పని పెట్టమన్నారు, సబ్‌టైటిల్స్ పెట్టాను.