క్రిస్మస్ కోడి, వైరున్న థర్మామీటరు

పోయిన క్రిస్మస్‌కి పదకొండు మంది కంచాల ముందు కూర్చున్నాక టర్కీ కోడిని కోయడం మొదలుపెట్టాను. బ్రెస్ట్ ముక్కలు బాగానే వచ్చాయి. తొడ దగ్గర కత్తి దించితే ఎముక పక్కన మాంసం ఇంకా పచ్చిగా ఉంది. దాన్ని మళ్లీ ఓవెన్‌లోకి తోసి, ముప్పావుగంట సేపు వచ్చినవాళ్లకి బంగాళాదుంపలే వడ్డించాను. చివరికి అవీ చల్లారిపోయాయి. ఇక పండగనాడు కోడి వండే పని పెట్టుకోకూడదు, ముందురోజే ముగించేయాలి అని ఆ రాత్రే అనుకున్నాను.

అనుకోవడం తేలికే. ఈ రోజు వండి ఫ్రిజ్‌లో పెట్టి, రేపు వేడి చేసి పెడితే ఎవరి కడుపైనా చెడితే? ఆ భయం కొద్దీ కొన్నదే ఈ థర్మామీటరు. ఏడాదిపాటు మామూలు కోళ్ల మీద వాడి, ఈ పండక్కి పెద్దదాని మీద పరీక్షించాను.

చూడటానికి పెద్ద వస్తువేం కాదు. జానెడు స్టీలు సూది, దానికి మీటరు పైచిలుకు సన్నటి వైరు, వైరు చివర అరచేతిలో పట్టే డబ్బా. సూదిని మాంసంలో గుచ్చి, వైరును ఓవెన్ తలుపు సందులోంచి బయటికి లాగి, డబ్బాను బయట పెట్టుకోవాలి. మనం పెట్టిన వేడికి చేరగానే కూస్తుంది. అంతవరకు తలుపు తెరవక్కర్లేదు. ఫోన్‌తో కలిపేవి కూడా దొరుకుతాయి గానీ, పండగపూట ఫోన్ ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం నాకు ఇంకో పని.

వచ్చిన రోజే ఒక గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, నీళ్లు పోసి, సూది మొనను గ్లాసుకు తగలకుండా మధ్యలో ఉంచాను. 0 చూపించాలి, 1 చూపించింది. ఆ ఒక్క డిగ్రీతో నాకు పేచీ లేదు. పేచీ దాంట్లో ముందే నింపి ఇచ్చిన అంకెలతో. 'కోడి' అన్న బొత్తాం నొక్కితే 82 డిగ్రీల సెల్సియస్ పెట్టుకుంటుంది. కోడి మాంసం తినడానికి 74 చాలు. 82 దాకా ఆగితే తొడలు వెన్నలా ఉంటాయి, బ్రెస్ట్ మాత్రం గుడ్డపీలికలా తయారవుతుంది. మొదటి రెండు కోళ్లు అలాగే పాడుచేశాను. ఆ బొత్తాన్ని వదిలేసి అంకె మీరే పెట్టుకోండి.

ఈసారి కోడి 5 కిలోలు. ఫ్రిజ్‌లో గడ్డ కరగడానికి ప్రతి 2 కిలోలకీ దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి 20వ తేదీ రాత్రే ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించాను. 23న ఉప్పు రుద్ది, మూత లేకుండా ఫ్రిజ్‌లోనే ఉంచాను, చర్మం ఆరడానికి. కడగలేదు. కడిగితే ఆ నీళ్లు సింకంతా చిమ్ముతాయి, పచ్చిమాంసంలోని క్రిములు పక్క గిన్నెలకు అంటుకుంటాయి. మెడ, రెక్కల చివర్లతో గ్రేవీ కూడా ఆ రోజే అయిపోయింది.

24 పొద్దున ఓవెన్ 165 దగ్గర పెట్టి, సూదిని బ్రెస్ట్‌లో దళసరి చోట, ఎముకకు తగలకుండా గుచ్చాను. ఎముకకు తగిలితే చూపించే అంకె మాంసం వేడి కాదు. రెండు గంటలు దాటాక 54 చూపిస్తోంది. డబ్బాను పక్కకి జరిపి, ఉల్లిపాయలు తరిగి వెనక్కి వచ్చేసరికి 129! కోడి బొగ్గయిపోయిందని పరుగున తలుపు తీశాను. చూస్తే చర్మం ఇంకా లేత బంగారు రంగులోనే ఉంది. డబ్బా వెనక సెల్సియస్‌ని ఫారెన్‌హీట్‌కి మార్చే మీట ఒకటుంది (54 సెల్సియస్ అంటే 129 ఫారెన్‌హీట్), జరిపేటప్పుడు నా బొటనవేలు దాన్ని నొక్కింది. ఆ మీటను అక్కడ పెట్టినవాడు వంటింట్లో ఎన్నడూ తడిచేత్తో పనిచేసి ఉండడు. ఇప్పుడు దాని మీద టేపు అంటించాను.

ఓవెన్‌లో పెట్టిన మూడు గంటలకు కూసింది. సూది తీసి తొడ లోపల, రెక్క మొదట్లో కూడా చూశాను. మూడు చోట్లా 74 దాటింది. మా అత్తయ్యగారు తొడలో కత్తి గుచ్చి, కారే రసం రంగు చూసి ఉడికిందో లేదో చెప్తారు. పోయినేడు కూడా అలాగే చెప్పారు, పాపం. రంగును నమ్మడానికి లేదు.

అరగంట ఆగి, చర్మం వేరుగా తీసి, మాంసం కోసి, లోతు తక్కువ ట్రేల్లో పరిచి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేశాను. కోడిని నిలువునా పెడితే లోపల చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, ప్రమాదమంతా అక్కడే. బంగాళాదుంపలు సగం ఉడికించి, చిల్లుల గిన్నెలో కుదిపి అంచులు గరుకు చేసి, అవీ లోపలికే.

పండగనాడు ముక్కల మీద రెండు గరిటెల మాంసపు రసం పోసి, ఫాయిల్ బిగించి, ఓవెన్‌లో పెట్టాను. సూది ట్రే మధ్యనున్న లావు ముక్కలో. 74 చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నేను చుట్టాలతో కూర్చున్నాను, పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. తర్వాత ఓవెన్ 200కి పెంచి బంగాళాదుంపలు, చివరి పది నిమిషాలు చర్మం. చర్మం పెళపెళలాడింది. ముక్కలు అప్పటికప్పుడు కోసినంత రసంగా లేవు, కానీ గ్రేవీ పోశాక ఎవరూ ఏమీ అనలేదు. అత్తయ్యగారు మాత్రం బల్లంతా కలియజూసి "కోడి ఏదమ్మా?" అన్నారు. నిలువు కోడిని బల్ల మీద పెట్టే ముచ్చట కావాలంటే ఈ పద్ధతి మీకు కాదు.

ఇంకో తిట్టు మిగిలింది. సూదీ వైరూ కలిసే చోట నీళ్లు దిగితే దీని పని అయిపోతుంది. మొదటి సూదిని గిన్నెలతో పాటు నానబెట్టాను, మర్నాడు గది వేడికే 140 చూపించింది. కొన్నచోట అడిగితే తడిపినందుకు మార్చం అన్నారు. సూది విడిగా దొరుకుతుంది, డబ్బా పాతదే పనికొస్తుంది. తడిగుడ్డతో తుడవండి, అంతే. కూత కూడా చిన్నది, మిక్సీ తిరుగుతుంటే వినపడదు.

ఐదుకు నాలుగిస్తాను. బ్యాటరీలు పెట్టెలో రావు, విడిగా తెచ్చుకోండి.