వెరిఫైడ్ నర్స్ అన్నారు, సర్టిఫికెట్ ప్రకారం ఆ అమ్మాయి పద్నాలుగేళ్ళకే నర్సైపోయింది

రెండు స్టార్లు ఇస్తున్నా, ఆ రెండూ వచ్చిన అమ్మాయికే, ఇళ్ళకి నర్సుల్ని పంపే ఆ ఏజెన్సీకి సున్నా. పేరు రాయట్లేదు, ఎందుకంటే మా డిపాజిట్‌లో 4,000 ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, అది చేతికొచ్చేదాకా గొడవ పెట్టుకోకే బాబూ అని మా ఆయన ఒకటే గోల.

నాన్నగారికి జూన్‌లో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మింగడం రావట్లేదని ముక్కులోంచి పొట్టలోకి జావ పోసే రైల్స్ ట్యూబ్ వేసి డిశ్చార్జ్ చేసేరు. ఇల్లు విశాఖ సీతమ్మధారలో, అమ్మకి 71, నేనేమో మధురవాడలో, పొద్దున్న ఆఫీసుకెళ్ళి సాయంత్రం మద్దిలపాలెం ట్రాఫిక్ దాటుకుని అక్కడికొచ్చేసరికి ఏడున్నర. సరే అని ఎవరో ఫార్వర్డ్ చేసిన నంబరుకి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడేరు మేడమ్ మేడమ్ అని, ట్యూబ్ ఉందంటే అటెండెంట్ పనికిరాదండి జీఎన్ఎమ్, అంటే నర్సింగ్ డిప్లొమా చేసిన నర్సే కావాలి, మా దగ్గర నూటికి నూరు శాతం వెరిఫైడ్ స్టాఫ్ అన్నారు. అటెండెంట్‌కి రోజుకి 800, నర్సుకి 1,300, పన్నెండు గంటల డ్యూటీ, రిజిస్ట్రేషన్ 3,000, డిపాజిట్ 10,000. గూగుల్ పే కొట్టేను. మర్నాడు పొద్దున్న ఏడింటికి అమ్మాయి వచ్చేసింది, పలాస వైపు మనిషి, వచ్చీ రావడమే తాతగారూ మామ్మగారూ అని వరసలు కలిపేసింది, అమ్మ ఫ్లాట్ అయిపోయింది.

మూడోరోజు శనివారం, నేను ఇంట్లోనే ఉన్నా. పదకొండింటికి ఫీడ్ టైమ్. ఆ అమ్మాయి చోడి జావ, అదే రాగి జావ, వడగట్టి సిరంజిలో పోసేసింది, నాన్నగారేమో ఒక్క తలగడ మీద చదునుగా పడుకుని ఉన్నారు. హాస్పిటల్లో సిస్టర్ నాకు రెండుసార్లు చేయించి మరీ చూపించింది, మంచం తల వైపు ఎత్తు పెట్టాలి, ముందు సిరంజితో లాగి పొట్టలోని నీరు వస్తోందా లేదా చూడాలి, ఫీడ్ అయ్యాక కూడా అరగంట పైనే అలాగే కూర్చోబెట్టాలి, లేకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా పట్టుకుంటుందని. ఈ పిల్ల లాగి చూళ్ళేదు, లేపలేదు. నాన్నగారు దగ్గడం మొదలెట్టేరు, నేను పరిగెత్తుకెళ్ళి ట్యూబ్ మడిచి పట్టుకుని లేపి కూర్చోబెట్టేను, నా చేతులు ఎంత వణికేయో నాకే తెలుసు.

అప్పుడు తీసేను ఫైల్. మొదటిరోజు ఇచ్చి వెళ్ళేరు, అట్ట మీద పెద్ద స్టాంపు వెరిఫైడ్ అని, మేం దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి ఊరుకున్నాం, తప్పు మాదీ ఉంది. లోపల ఆధార్ జెరాక్స్, జీఎన్ఎమ్ సర్టిఫికెట్ జెరాక్స్, పోలీస్ వెరిఫికేషన్ అని ఒక కాయితం. ఆధార్ మీద క్యూఆర్ ఉంటుంది కదా, ఎమ్ ఆధార్ యాప్‌లో స్కాన్ చేస్తే ఫోటోతో సహా పేరు, పుట్టిన తేదీ, అడ్రసు అన్నీ వచ్చేయి, మనిషి అసలు మనిషే. పుట్టింది 1998. సర్టిఫికెట్ చూస్తే జీఎన్ఎమ్ పాసైంది 2012. అంటే ఇంటర్ అయ్యాక మూడేళ్ళు చదవాల్సిన కోర్సు ఈ పిల్ల పద్నాలుగేళ్ళకే పూర్తి చేసేసింది! పైగా ఇంటిపేరు అక్షరం వేరు, ఫోటో అంటించిన చోట సీల్ ముక్క ఫోటో మీదకి రాలేదు, కింద జెరాక్స్ మీద సగం గుండ్రంగా ఆగిపోయింది. వేరే ఎవరిదో సర్టిఫికెట్ మీద ఈ అమ్మాయి ఫోటో అంటించి మళ్ళీ జెరాక్స్ తీసేరన్నమాట.

మా పిన్ని కూతురు స్టాఫ్ నర్స్, దానికి సర్టిఫికెట్ ఫోటో తీసి పెడితే వెంటనే ఫోన్ చేసింది. "అక్కా అసలిది ఒరిజినలైనా సరిపోదే, ఇది కోర్సు పాసైన కాయితం. జీఎన్ఎమ్ అయినా, రెండేళ్ళ ఏఎన్ఎమ్ అయినా, నాలుగేళ్ళ బీఎస్సీ అయినా ఏపీ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితేనే నర్సు. ఆ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అడుగు, దాని మీద నంబరుంటుంది" అంది. ఏజెన్సీకి ఫోన్ చేసి అదే అడిగితే "కౌన్సిల్ అంటే ఏ కౌన్సిల్ మేడమ్" అన్నాడు మహానుభావుడు. అక్కడితో నాకు అర్థమైపోయింది.

పోలీస్ వెరిఫికేషన్ కథ ఇంకోటి. కాయితం మీద స్టేషన్ సీలుంది కదా అని మా ఆయన అయిపోయిందనుకున్నారు, కళ్ళజోడు పెట్టుకుని చదివితే అది అప్లికేషన్ అందినట్టు రసీదు, రెండేళ్ళ కిందటిది. రిపోర్టు ఏదండీ అంటే ప్రాసెస్‌లో ఉంది మేడమ్ అంట. రెండేళ్ళు ప్రాసెస్ ఏంటండి, పాస్‌పోర్టులు వచ్చేస్తున్నాయి వారాల్లో.

ఇంతకు ముందు పనిచేసిన ఇళ్ళవాళ్ళ నంబర్లు రెండు ఇమ్మన్నా. మొదటి నంబరు ఎత్తినాయన తెగ పొగిడేడు, మా అమ్మగారిని కన్నకూతురిలా చూసుకుందండీ అని. మీ అమ్మగారికి ఏ పక్క పడిపోయిందండీ అనడిగితే ఒక్క సెకను ఆగి, రెండు పక్కలా అన్నాడు. ట్రూకాలర్‌లో చూస్తే నంబరు వాళ్ళ ఆఫీసు కుర్రాడిదే. రెండో నంబరు మాత్రం నిజం, గోపాలపట్నంలో ఒక టీచర్ గారు, ఆవిడ అడక్కుండానే చెప్పేరు, మా అత్తగారిని ఏడాదిన్నర చూసుకుంది, స్నానం, డైపరు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, ఒక్క పుండు పడనివ్వలేదు, కానీ ఇంజక్షన్లు అవీ మేమే చేయించుకునేవాళ్ళం, ఆ పిల్ల నర్సు కాదు కదండీ అని.

ఇంక అమ్మాయినే కూర్చోబెట్టి అడిగేను. ఏడ్చేసింది. "నేను నర్సునని ఎప్పుడన్నానమ్మా, నాను టెన్తే సదివేను. ఆఫీసులో ఫోటో అడిగేరు, ఇచ్చేను. ఆ పైపంటే నాకూ బయమేనమ్మా, చెప్తే డ్యూటీ ఇవ్వరని చెప్పలేదు" అంది. మా దగ్గర 1,300 తీసుకుని ఆ పిల్లకి ఇచ్చేది రోజుకి 550 అట. మా అమ్మ నన్నే తిట్టింది, పసిదాన్ని ఏడిపించేవని. దాని తప్పేం లేదని నేననను, ముక్కులో ట్యూబున్న మనిషి దగ్గర భయమున్నా చెప్పకుండా పోసెయ్యడం చిన్న విషయం కాదు. కానీ ఆ మూడు రోజుల్లో నాన్నగారి వీపు, మడమలు ఎంత శుభ్రంగా ఉంచిందో కూడా చూసేను, రెండు స్టార్లు అందుకే. ఏజెన్సీ ఈ పిల్లని అటెండెంట్ అనే చెప్పి 800కి పంపుంటే, ట్యూబ్ పని మేం చూసుకునేవాళ్ళం, నేనే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని.

ఇప్పుడు వేరే చోట నుంచి పెట్టుకున్నాం. ఈ సిస్టర్ మొదటిరోజే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒరిజినల్ తెచ్చి చూపించింది, ఫోటో తీసుకోవచ్చా అంటే నంబరు రాసుకోండి ఫోటో వద్దు అంది, ఆధార్ కూడా ఆఖరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇచ్చింది, క్యూఆర్ దాని మీద కూడా పనిచేస్తుంది. మా ఆయనకి అనుమానమొచ్చింది ఎందుకు దాస్తోందని, నాకైతే అప్పుడే నమ్మకం కుదిరింది, కాయితాలు ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో తెలిసిన మనిషి అని. ఫీడ్ ముందు సిరంజి లాగి చూసి, మంచం పైకి తిప్పి, అయ్యాక గడియారం వంక చూసుకుంటూ కూర్చుంటుంది. జావ మాత్రం అంత బాగా కాయదు, నాన్నగారికి రుచి ఎలాగూ తెలీదు కాబట్టి ఇబ్బంది లేదు, మిగిలింది తాగే అమ్మకే కంప్లైంట్.

డిపాజిట్‌లో 6,000 వచ్చింది, 4,000 నోటీస్ పీరియడ్ కింద పట్టుకున్నారట, అగ్రిమెంట్‌లో వెనక పేజీలో ఉందట. అగ్రిమెంట్ మాకు ఇచ్చింది ముందు పేజీ ఒక్కటే. రెండో పేజీ పంపండి అని వాట్సాప్ చేసి పదకొండు రోజులైంది, బ్లూ టిక్కులు పడ్డాయి.

నిన్న ఆ అమ్మాయి అమ్మకి ఫోన్ చేసింది, తాతగారికి ఎలాగుంది మామ్మగారూ అని. ఇప్పుడు గాజువాకలో ఒకరింట్లో ఉందట. అక్కడ కూడా నర్సనే చెప్పి పంపేరా అని అమ్మ అడిగితే, అవును మామ్మగారూ, కానీ ఇక్కడ పైపు లేదులెండి అందట.