ఒక బారు ముందే వచ్చిన కిక్

టెక్నో (యంత్రాల దరువుతో నడిచే డ్యాన్స్ సంగీతం) మొదలైన ఇరవై నిమిషాలకి నాకు ఆవలింతలొస్తాయి. బారుకి, అంటే నాలుగు దెబ్బల గుత్తికి, నాలుగు కిక్కులు (పెద్ద డ్రమ్ దెబ్బలు), మళ్లీ నాలుగు, మళ్లీ నాలుగు. అయినా మొన్న శనివారం ఓ డీజే రెండు గంటల లైవ్ సెట్‌కి స్నేహితుడి పోరు పడలేక వెళ్లాను. "బ్రేక్‌బీట్ కూడా ఉంటుందిరా" అన్నాడు. పాత పాటల్లోని డ్రమ్స్ ముక్కల్ని (బ్రేక్‌లని) తిప్పి తిప్పి వాడే దరువది. కాలేజీలో నాలుగేళ్లు డ్రమ్స్ వాయించినవాణ్ణి, ఆ ముక్కకి లొంగిపోయాను.

మొదటి అరగంట నేను భయపడ్డట్టే నడిచింది. 128 బీపీఎం (నిమిషానికి 128 దెబ్బలు), నున్నటి మిక్సింగ్, వంక పెట్టడానికేం లేదు, గుర్తుండడానికీ ఏం లేదు. ఇక లేద్దామనుకుంటుంటే హైహ్యాట్ల (జంట సింబల్స్) వెనక ఏదో గలగలమంది. డీజే ఓ బ్రేక్‌ని బేస్ పూర్తిగా తీసేసి, పై శబ్దం మాత్రమే వదులుతోంది. కింద కిక్ టెక్నోదే. మంచి పని చేసింది. రెండు కిక్కులూ కలిసి మోగితే ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి, చెవికి బురదే మిగులుతుంది.

అసలు ముచ్చట గంట దాటాక. వేగం మెల్లగా 136కి ఎక్కింది. నేను నిలబడ్డ చోటు నుంచి ఆమె చేతులు కనిపిస్తున్నాయి. టెక్నో ట్రాక్ బేస్ నాబ్‌ని సున్నాకి తిప్పి, అదే క్షణంలో బ్రేక్ బేస్ తెరిచింది. కిక్ మాయం. వస్తున్నది ఆమెన్ బ్రేక్: 1969లో విన్‌స్టన్స్ బృందం డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు బార్లు, ఏడు సెకన్లు. దాని సొంత వేగం కూడా దాదాపు అంతే కాబట్టి సాగదీసినట్టు లేదు, స్నేర్ (చురుక్కుమని మోగే చిన్న డ్రమ్) ఎదురుగా కొట్టినట్టే ఉంది. అందులో మూడో బారులో ఓ స్నేర్ ఆలస్యంగా పడుతుంది. నాలుగో బారు మొదటి దెబ్బ అసలుండదు, ఖాళీ. ఒకప్పుడు ఆ ఖాళీ దగ్గర చేయి ఆపలేక వారం రోజులు తిప్పలు పడ్డాను.

మూడుసార్లు ఆ నాలుగు బార్లూ తిరిగాయి. నాలుగో చుట్టు కూడా పూర్తయ్యాక, పదిహేడో బారుకి కిక్ వస్తుందని హాలంతా కాచుకుని ఉంది. ఆమె ఒక బారు ముందే, సరిగ్గా ఆ ఖాళీలోనే కిక్‌ని దించింది. పక్కనున్నాయన గాల్లోకి లేపిన కాలు దించడం మర్చిపోయాడు. నేను అరిచాను, ఏమరిచానో గుర్తులేదు.

చివరి అరగంట మాత్రం నిరాశ. యాసిడ్ లైన్ (కీచుమంటూ మెలికలు తిరిగే సింథ్ స్వరం) ఒకటే పట్టుకుని వదల్లేదు, శబ్దం హద్దు దాటిందని చెప్పే ఎర్ర లైట్లు మిక్సర్ మీద ఆరలేదు. హాలు కుడివైపు సబ్ (బేస్ స్పీకర్) గిలక్కాయలా కొట్టుకుంటుంటే ఎవరికీ పట్టలేదు. వెళ్లేవాళ్లు ఎడమవైపు నిలబడండి, ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి. అయినా ఐదుకి నాలుగిస్తాను.

ఇంటికొచ్చాక అర్ధరాత్రి దిండు మీద ఆ నాలుగో బారు మళ్లీ వాయించి చూశాను. ఇప్పటికీ చేయి ఆగలేదు.