చండూరులో దిగి చూసిన మునుగోడు

మునుగోడు నియోజకవర్గం వైపు వెళ్లేవాళ్లకు ముందుగా చెప్పేది ఒకటే. నల్గొండలో ఏసీ గది తీసుకుని పగటిపూట చూసి పోవద్దు, ఆ నియోజకవర్గంలోని చండూరులోనే దిగండి. నల్గొండ హోటళ్లలో సౌకర్యాలు ఎక్కువే, కాదనను. కానీ ఇక్కడి జనం మాటల్లోకి దిగేది పొద్దున ఆరింటికి, మళ్లీ చీకటి పడ్డాక. మధ్యలో అందరూ పత్తి చేన్లలోనో, బత్తాయి తోటల్లోనో, మగ్గాల మీదో ఉంటారు. పగలు వచ్చినవాడికి సెంటర్లో ఫ్లెక్సీలు తప్ప ఏమీ కనపడవు. కార్లలో వచ్చి కార్లలో పోయినవాళ్లు ఈ ఊళ్ల గురించి చెప్పేవన్నీ అలా చూసి చెప్పినవే.

హైదరాబాద్ నుంచి రావడం తేలికే. విజయవాడ హైవే మీద 50 కిలోమీటర్లు వస్తే చౌటుప్పల్, అక్కడ మారి మునుగోడు మీదుగా చండూరు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి సీటు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. నేను సగం దారి నిలబడే వచ్చాను, దానికేమీ బాధ లేదు. పక్కన ఒకామె వాళ్ల అమ్మను కంటి డాక్టరుకు చూపించి తీసుకొస్తోంది. "ఇంతకుముందు మందులకెంతయితది, బస్సుకెంతయితదని లెక్క చూసుకుని పోయేదాన్ని అన్నా. ఇప్పుడు మందుల లెక్కొక్కటే" అంది. ఇంకో మాట, హైవే పక్క ఫుడ్ కోర్టుల్లో ఆగకండి. ఒకచోట చల్లారిపోయిన దోశ తెచ్చిపెట్టి, అడిగితే వేడిగానే ఉందని వాదించారు. అదే చౌటుప్పల్‌లో రోడ్డు పక్క బండి మీద మిర్చి బజ్జీ, చాయ్ ఎంతో నయం.

చండూరులో నేను దిగింది దుకాణాల పైన ఉన్న చిన్న లాడ్జి. ఉతికిన దుప్పటి, తిరిగే ఫ్యాను, మర్యాదగా మాట్లాడే మనుషులు. దోమలున్నాయి, కాయిల్ వాళ్లే ఇచ్చారు. స్నానాల గదిలో ప్లాస్టిక్ బకెట్ లోపలంతా తెల్లటి పొర పేరుకుని గరుకుగా ఉంది, గోరుతో గీకినా రాదు. గది చూపించిన కుర్రాడు నల్లా తిప్పి చూపించి, "ఇవి బోరు నీళ్లు సారు. మొఖం కడుక్కోండ్రి గని నోట్లె పోసుకోకుండ్రి. తాగుడుకు కింద క్యాన్ పెట్టిన" అన్నాడు. ఫ్యాను స్విచ్ ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఈ నేల కింద గ్రానైట్ రాయి. అందులోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు, నారాయణపురం మండలాల్లో ఈ బాధ పడని ఊరు వెతకాలి. బయటివాళ్లు వీళ్లను అమాయకులనుకుంటారు గానీ, 1996 లోక్‌సభ ఎన్నికల్లో మంచినీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో వందల మంది నామినేషన్లు వేశారు. నల్గొండ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. నీళ్ల కోసం దేశం మొత్తాన్ని తమవైపు తిప్పుకున్నారు. డిపాజిట్ పోతుందని తెలిసీ కట్టిన డబ్బది. ఇంటింటికీ తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌కు (గుర్తుగా కట్టే స్తంభానికి) 2015లో చౌటుప్పల్‌నే ఎంచుకున్నారంటే దాని వెనక ఇంత కథ ఉంది. ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్ల నల్లా ఉంది. నేను చూసిన బడిపిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. నడుము వంగిన పెద్దవాళ్లు మాత్రం ప్రతి ఊళ్లోనూ కనపడతారు. దయచేసి వాళ్లకు ఫోన్ ఎత్తి ఫొటోలు తీయకండి. ఎన్నో ఏళ్లుగా వాళ్ల కాళ్లకు, చేతులకు ఫొటోలు తీసుకుపోయినవాళ్లే గానీ మళ్లీ వచ్చి పలకరించినవాళ్లు తక్కువ.

పొద్దున టిఫిన్‌కు సెంటర్లోని హోటల్‌కు వెళ్లాను. ఇడ్లీ మెత్తగా ఉంది, పల్లీ చట్నీ కారంగా, బాగుంది. బల్లకో పేపరు, పేపరుకు నలుగురు మనుషులు. రాజకీయం మాట్లాడటంలో వీళ్లతో ఎవరూ సాటిరారు. మునుగోడు నుంచి సీపీఐ ఐదుసార్లు గెలిచిందని, 1985, 89, 94లో వరుసగా ఉజ్జిని నారాయణరావు గెలిచారని అక్కడ తేదీలతో సహా చెబుతారు. ఏ పార్టీ కోసం సైకిల్ మీద తిరిగినవాళ్లెవరో, జెండా మోసినవాళ్లెవరో కూడా చెబుతారు. కానీ బయట ఎవరికీ అదేదీ తెలియదు. 2022 నవంబరు 3న జరిగిన ఉప ఎన్నిక ఒక్కటే తెలుసు. 93 శాతం పోలింగ్, 10 వేల పైచిలుకు మెజారిటీ, దేశంలోనే ఖరీదైన ఉప ఎన్నిక అంటూ పేపర్ల నిండా వచ్చిన వార్తలు. ఏడాది తర్వాత మళ్లీ ఎన్నికలొస్తే ఇదే నియోజకవర్గం ఫలితాన్ని మార్చేసింది, దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

గల్లా దగ్గర కూర్చున్న హోటల్ యజమాని నా ఊరు అడిగి, కాసేపు ఊరుకుని చెప్పాడు. "మా పిల్ల హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ కాలేజిల చేరింది సారు. మొదటిరోజే అడిగిన్రట, మీ ఇంట్ల ఎన్ని ఓట్లు, ఎంతొచ్చిందని. రాత్రి ఫోన్ జేసి ఏడ్సింది." డబ్బులు పంచలేదని ఆ హోటల్లో ఎవరూ అనలేదు. తెచ్చి పంచినవాళ్ల ఊరి పేరు ఎవరూ ఎందుకు అడగరని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఎన్నికలప్పుడే గట్టుప్పల్ మండలమైంది. ఎన్నో ఏళ్లు ధర్నాలు చేసినా రానిది అప్పుడొచ్చిందని, అందుకే ఎన్నికంటే ఇక్కడ అంత పట్టింపు అని ఒక పెద్దాయన వివరించాడు. నాకు ఆ మాటలో న్యాయం కనపడింది.

పుట్టపాక చూడకుండా మాత్రం వెనక్కి రావద్దు. నారాయణపురం మండలంలోని ఈ ఊళ్లో తేలియా రుమాలు నేస్తారు. 2020లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. నూలును ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో మళ్లీ మళ్లీ పిసికి ఆరబెడతారు. బట్ట చేతికి తీసుకుంటే ఆ నూనె వాసన ఇంకా ఉంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. డిజైన్ బట్ట మీద వేసేది కాదు, నేయకముందే పోగుకు రబ్బరు ముక్కలు చుట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ చుట్టి తెస్తారు. ఒక ఇంట్లో మగ్గం గుంటలో కూర్చున్న అక్క పేక పోగు వేసిన ప్రతిసారీ ఆగి, వేలితో దాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపి, అంచు అంచుకు కలిసిందో లేదో చూసుకుని అప్పుడు బాదింది. నేను చూస్తున్నంతసేపూ నేసింది జానెడు కూడా లేదు. నేతకు ముందు చేత్తో పోగులు చుట్టే ఆసు పనికి చింతకింది మల్లేశం తయారుచేసిన యంత్రం వచ్చాక భుజాల నొప్పులు తగ్గాయని, చిటికి పని (పోగులకు రబ్బరు చుట్టి కట్టడం) మాత్రం ఇప్పటికీ చేతులదేనని చెప్పింది. మగ్గం దగ్గర ధర అడిగితే బేరమాడకండి. షోరూమ్ ధర తెలిసినవాళ్లకు ఆ ధర చూస్తే వాళ్ల మీద జాలి, మన మీద కోపం రెండూ వస్తాయి.

అదే మండలంలోని రాచకొండ కోటకు నీళ్లు, తిండి వెంట తీసుకుని వెళ్లండి. నేను వెళ్లినప్పుడు పైన దుకాణం లేదు, సరైన బోర్డులూ లేవు. పద్మనాయక రాజుల రాజధాని అది. రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చిన ద్వారాలు ఇన్ని వందల ఏళ్లకూ నిలిచి ఉన్నాయి. హైదరాబాద్‌లో చాలామందికి రాచకొండ అంటే 2016లో ఏర్పడిన పోలీస్ కమిషనరేట్ పేరుగానే తెలుసు. నల్గొండ మీదుగా తిరిగి వెళ్తే పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం చూడండి, లింగం మీద పగలంతా కదలని నీడ పడుతుంది. గంట సమయం చాలు.

పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అక్కడికి వచ్చే టూరిస్టు బస్సుల్లో కొన్నయినా పుట్టపాక దాకా రావాలి. వస్తే నిలబడటానికి ఒక షెడ్డు, శుభ్రమైన మరుగుదొడ్డి, నేతపనివాళ్లే నడుపుకునే అమ్మకం గది ఉండాలి. అడగాల్సింది పెద్ద ప్రాజెక్టేమీ కాదు. అదయ్యేదాకా చౌటుప్పల్‌లో ఆటో రానుపోను మాట్లాడుకుని, పొద్దున పదిలోపు చేరుకోండి. మధ్యాహ్నం అన్నాల వేళకు మగ్గాలు ఆగుతాయి.