ఉద్యోగం మారినవారికి వేరే రుసుము: ఒక పింఛను పథకంతో 17 ఏళ్లు

జీతంలోంచి ఎంత కోస్తారు, యాజమాన్యం వాటా ఎంత అన్నవి ఇలాంటి పథకంలో ఉన్న అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. సంస్థ నడిపే ఈ పింఛను పథకంలో 13 ఏళ్లు చందా కట్టాను. ఉద్యోగం మారాక 4 ఏళ్లుగా నా నిల్వ అక్కడే ఉంది. సంస్థను వదిలి వెళ్లినవారి దగ్గర ఈ పథకం వసూలు చేసిన రుసుము గురించే రాస్తున్నాను. ఆ విషయంలో నా బాధ ఇంకా పూర్తిగా తీరలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా నిల్వపై ఏడాదికి 0.4 శాతమే రుసుము పడేది. కొత్తగా చేరినవారు చందా తగ్గించుకుందామా అని అడిగినప్పుడు, ఇంత తక్కువ ఖర్చుతో బయట దొరకడం కష్టమని చెప్పి పూర్తి చందా కట్టమని ప్రోత్సహించినవారిలో నేనూ ఉన్నాను. ఆ మాట అప్పటికి నిజమే. అయితే అందులో నాకు తెలియని సగం ఒకటి ఉంది.

సంస్థ మారిన రెండో ఏడాది స్టేట్‌మెంట్ వచ్చిన రోజున, దాన్ని మొదటి ఏడాది దాని పక్కన పెట్టి వరుసగా చదివాను. నిధిలో మన వాటాను యూనిట్లుగా లెక్కిస్తారు; వాటి సంఖ్యను యూనిట్ ధరతో హెచ్చవేస్తే నిల్వ విలువ వస్తుంది. యూనిట్ ధర పెరిగింది, మొత్తం విలువా పెరిగింది. అందుకే మొదటి ఏడాది నాకే అనుమానమూ రాలేదు. తగ్గింది యూనిట్ల సంఖ్య. నేను వెళ్లేనాటికి 41,862 ఉన్న యూనిట్లు ఏడాది తిరిగేసరికి 41,653 అయ్యాయి, ఆ పై ఏడాదికి 41,445కి దిగాయి. నేను ఒక్క యూనిట్ కూడా వెనక్కి తీసుకోలేదు. సమాధానం 7వ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దొరికింది: ప్రస్తుత ఉద్యోగులకు ఇచ్చే రాయితీ నాకు ఇక వర్తించదు. పాత 0.4 శాతాన్ని యూనిట్ ధరలోనే సర్దుకుంటూ, దానిపై మరో 0.5 శాతానికి సరిపడా యూనిట్లను నెలనెలా రద్దు చేస్తూ వచ్చారు. అంటే నేను కడుతున్నది 0.9 శాతం. ఈ మార్పును తెలియజేస్తూ నాకు విడిగా ఒక ఉత్తరమైనా రాలేదు.

అర శాతమే కదా అని అనిపించవచ్చు. నిధి ఏటా 6 శాతం పెరుగుతుందనుకుంటే, కొత్త చందా ఏదీ చేరని 100, 0.4 శాతం రుసుముతో 20 ఏళ్లకు సుమారు 297 అవుతుంది; 0.9 శాతం రుసుముతో సుమారు 270 దగ్గరే ఆగుతుంది. రుసుము కూడా చక్రవడ్డీలాగే పనిచేస్తుంది, కాకపోతే మనకు ఎదురుగా.

సభ్యుల తరఫున నిధిని చూసుకునే ట్రస్టీ బోర్డుకు రాస్తే మొదట వచ్చిన జవాబు, రాయితీ అనేది యాజమాన్యం తన ఉద్యోగుల కోసం బేరమాడి తెచ్చుకున్న సదుపాయమని. ఆ వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయలేదు. ఖాతా చిన్నదైనా పెద్దదైనా దాని లెక్కలు రాయడానికి కొంత ఖర్చు తప్పదు. కానీ ప్రతి నెలా చందా జమచేయవలసిన ఖాతా కంటే, ఏ కదలికా లేని ఖాతా నిర్వహణకు ఎక్కువ ఖర్చవుతుందని నాకెవరూ చూపించలేదు. బ్రిటన్‌లో ఉద్యోగులను ఆటోమేటిక్‌గా చేర్చుకునే పథకాల్లో డిఫాల్ట్ నిధి (సభ్యుడు ఏదీ ఎంచుకోకపోతే అతని సొమ్ము వెళ్లే నిధి) రుసుముకు 2015 ఏప్రిల్ నుంచి 0.75 శాతం పరిమితి పెట్టారు. మానినవారి మీద ఎక్కువ రుసుము పడేలా ఉద్యోగులకు మాత్రమే ఇచ్చే ఈ తరహా రాయితీని 2016 ఏప్రిల్‌లో నిషేధించారు. ఒక దేశం చట్టం చేసి మరీ ఆపవలసి వచ్చిన పద్ధతి ఇది.

నేను ఊహించని మంచి ఒకటి ఇక్కడే ఎదురైంది. బోర్డులోని 9 మందిలో ముగ్గురిని సభ్యులే ఎన్నుకుంటారు. అలా ఎన్నికైన వారిలో గిడ్డంగి విభాగంలో పనిచేసే ఒకాయన వారం తిరగకుండా ఫోన్ చేసి, గంటసేపు ఓపికగా నా లెక్క విన్నారు. తరువాత ఆయన పంపిన బోర్డు సమావేశపు మినిట్స్‌లో ఆ రుసుము మార్పు ఒకే వాక్యంలో, చర్చ జరిగిన జాడ లేకుండా ఆమోదమై ఉంది. ట్రస్టీల ఎన్నికలో ఓటు ప్రస్తుత ఉద్యోగులకే తప్ప మానినవారికి లేదన్న సంగతిని కూడా ఆయనే నా దృష్టికి తెచ్చారు. 1991లో బ్రిటన్ మిర్రర్ పత్రికల యజమాని రాబర్ట్ మాక్స్‌వెల్ మరణించాక, మిర్రర్ గ్రూప్ పింఛను నిధుల సొమ్మును ఆయన తన కంపెనీల కోసం వాడుకున్నారని బయటపడిన తరువాతే, 1995 నాటి బ్రిటన్ చట్టం ట్రస్టీల్లో కనీసం మూడో వంతు సభ్యుల తరఫువారు ఉండాలని పట్టుబట్టింది. మా బోర్డులోనూ ఆ మూడో వంతు ఉంది. కానీ ఉద్యోగం మానిన మా తరఫున అడగవలసిన బాధ్యత వారిలో ఎవరి మీదా పెట్టలేదు.

నేను రాసిన 14 నెలలకు రేటును అందరికీ ఒకటి చేశారు. దానికోసం ప్రస్తుత ఉద్యోగుల రుసుమును 0.4 నుంచి 0.5కు పెంచి, మా రుసుమును 0.9 నుంచి 0.5కు తగ్గించారు. ఒకప్పుడు నేను గొప్పగా చెప్పిన 0.4 శాతంలో కొంత భాగాన్ని, వెళ్లిపోయినవారి ఖాతాలే మోశాయని ఆ సర్దుబాటుతో నాకు అర్థమైంది. 13 ఏళ్లు ఆ లాభం పొందినవాణ్ణి కనుక ఇది నాకు నేను చెప్పుకోవలసిన మాట కూడా.

చిన్న నిల్వలపై నెలకింత అని వేసే స్థిర రుసుమును మాత్రం తీసివేయలేదు. నాతో పనిచేసి రెండేళ్లకే వెళ్లిపోయిన ఒక మిత్రుడి ఖాతాలో అది ఏడాదికి నిల్వలో 3 శాతానికి పైగా తినేస్తోంది. ఆయనకు నేను ఇచ్చిన సలహా, ఆ మొత్తాన్ని కొత్త సంస్థ పథకంలోకి మార్చుకోమనే. నా నిల్వ ఆ పరిమితికి చాలా పైన ఉంది, విరమణకు ఇంకా 18 ఏళ్లు ఉంది, నా కొత్త సంస్థ పథకంలో రుసుము 0.7 శాతం కనుక, ప్రస్తుతానికి నేను ఇక్కడే ఉంచుతున్నాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా నా నిర్ణయమూ మారవచ్చు.

ఈ నెల వచ్చిన స్టేట్‌మెంట్‌లో యూనిట్లు 41,204. రేటు ఒకటి చేసిన నాటి నుంచి ఆ సంఖ్య కదలలేదు. అంతకుముందు పోయిన 658 యూనిట్లను తిరిగి జమ చేయడం కుదరదని బోర్డు రాసింది. ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పమని నేను మళ్లీ అడిగాను.