తెల్ల బెల్టుతో ఎనిమిది నెలలు: కాకినాడలో ఒక కరాటే తరగతి

కాకినాడలో ఒక పురపాలక పాఠశాల ఆవరణలో సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు గంటల వరకు జరిగే కరాటే తరగతి గురించి ఇది రాస్తున్నాను. 1996 నుంచి 2003 వరకు నేను అక్కడే నేర్చుకున్నాను, గత జూన్‌లో మా అమ్మాయిని కూడా అక్కడే చేర్పించాను. అందువల్ల ఇది పాత విద్యార్థి అభిప్రాయమో, ఫీజు కడుతున్న తండ్రి అభిప్రాయమో నాకే సరిగా తేలడం లేదు. మాస్టారి పేరు రాయడం లేదు. ఆయనకు అది ఇష్టముండదు, పైగా ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి.

ఫీజు నెలకు 800 రూపాయలు, యూనిఫామ్ ఖర్చు వేరు. నేర్పేది షోటోకాన్ పద్ధతి. ఊళ్లో మరికొన్ని చోట్ల మూడు నెలలకొకసారి బెల్టు టెస్టు పెడతారు, రుసుము కట్టిన పిల్లలందరూ రంగు మార్చుకుని ఇంటికి వస్తారు. ఇక్కడ టెస్టు ఏడాదికి రెండుసార్లే జరుగుతుంది, ఎవరు కూర్చోవాలో మాస్టారే నిర్ణయిస్తారు, కూర్చున్నవారిలో కూడా కొందరు తప్పుతారు. మొదటి మెట్టైన తెల్ల బెల్టుతో నేను పద్నాలుగు నెలలు ఉన్నాను. మా అమ్మాయిని మొన్న డిసెంబరు టెస్టుకు పంపలేదు. కారణం అడిగితే, ముందుకు వంచిన మోకాలు ఇంకా లోపలికి పడుతోందని ఒక్క వాక్యంలో చెప్పారు. ఆ రాత్రి ఇంట్లో ఆమె అద్దం ముందు నిలబడితే చూశాను, మోకాలు నిజంగానే లోపలికి పడుతోంది.

మొదటి మూడు నెలలు నిలబడటం తప్ప మరేమీ ఉండదని చేరబోయేవారు ముందే తెలుసుకోవాలి. జెన్‌కుత్సు దాచిలో, అంటే ముందు మోకాలు వంచి నిలబడే భంగిమలో, ముందు కాలి పిక్క నేలకు నిటారుగా ఉండాలి, వెనక కాలు చాచి ఉండాలి, బరువులో సగం కంటే కాస్త ఎక్కువ ముందుకు రావాలి. అలా నిలబడి గుద్దు వేయడం మొదలుపెట్టాక హికితే, అంటే వెనక్కి లాగే చేతి సంగతి వస్తుంది. ఒక పిడికిలి ముందుకు వెళ్లే క్షణంలోనే రెండో పిడికిలి అరచేయి పైకి తిరిగి నడుము పక్కకు రావాలి, మోచేయి వీపు వెనక్కి సూటిగా పోవాలి. ఏ పిల్లవాడైనా తన గుద్దే చేతినే చూసుకుంటాడు. మాస్టారు మాత్రం ఎప్పుడూ మా వెనక నిలబడి వెనక్కి వచ్చే చేతిని చూసేవారు, మోచేయి పక్కకు జారితే రెండు వేళ్లతో తట్టి "మళ్ళీ" అనేవారు. ఏడేళ్లలో ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. ఇరవై ఒక్క కదలికలు మాత్రమే ఉన్న హెయాన్ షోదన్ అనే తొలి కతాకు, అంటే ఒక నిర్ణీత వరుసలో చేసే కదలికల సాధనకు, నాకు ఏడాది పట్టింది.

బెల్టు ఇవ్వడంలో, మెచ్చుకోవడంలో ఈ పిసినారితనం మా మాస్టారు కనిపెట్టినదేమీ కాదు. షోటోకాన్‌కు మూలపురుషుడైన గిచిన్ ఫునాకోషి 1868లో ఒకినావాలోని షురిలో పుట్టి, 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించి, జపాన్ ప్రధాన భూభాగంలో దాని వ్యాప్తికి దారి వేసిన వ్యక్తి. కరాటే ఇంకా రహస్యంగా సాగుతున్న కాలంలో ఆయన అజాతో అనే తన గురువు ఇంటి పెరట్లో రాత్రిపూట దీపపు వెలుగులో సాధన చేశారు. గురువు కూర్చుని చూస్తూ, తృప్తి కలిగే వరకు ఒకే కతాను మళ్ళీ మళ్ళీ చేయించేవారని, బాగుందన్న ఒక్క మాటే ఆయన ఇచ్చే అత్యున్నత ప్రశంస అని ఫునాకోషి స్వయంగా రాసుకున్నారు. ఇప్పుడు టెక్కి అని పిలిచే మూడు కతాలకు తనకు పదేళ్లు పట్టిందని కూడా ఆయనే చెప్పారు. ఆ లెక్కన మా అమ్మాయి ఎనిమిది నెలలు ఏపాటివి? అయితే ఈ వాదన ఇంట్లో చెల్లలేదు.

ఈ తరగతి నాకు ఏమిచ్చిందని అడిగితే, ఆత్మరక్షణ అని చెప్పలేను. ఇరవై ఏళ్లలో నేను ఎవరినీ కొట్టలేదు, కొట్టవలసిన అవసరమూ రాలేదు. నేను భవన నిర్మాణంలో సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. శ్లాబు వేసే ముందురోజు అందరి కళ్లూ కట్టిన ఇనుము మీదే ఉంటాయి, నేను వంగి దాని కింద కవర్ బ్లాకులు, అంటే ఇనుము చుట్టూ కాంక్రీటు పట్టేలా దాన్ని ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు, ఉన్నాయో లేదో చూస్తాను. కాంక్రీటు పోశాక అవి ఎవరికీ కనబడవు, కాని అవి లేకపోతే మా సముద్రపు గాలికి కొన్నేళ్లలోనే ఇనుము తుప్పుపట్టి శ్లాబు పెచ్చులూడుతుంది. ఒకసారి అలా చూస్తూ, నాకు తెలియకుండానే "మళ్ళీ" అన్నాను. మేస్త్రీకి ఏం మళ్ళీ చేయాలో అర్థం కాలేదు.

ఇక లోపాలు చిన్నవి కావు. మా కాలంలో మాస్టారి చేతిలో బెత్తం ఉండేది, కిబా దాచిలో, అంటే గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడంగా పెట్టి వంగి నిలబడే భంగిమలో, నడుము పైకి లేచినవాడి పిక్కల మీద అది పడేది. దానివల్లే తమకు విద్య వచ్చిందని కొందరు పాత మిత్రులు గర్వంగా చెప్పుకుంటారు కాని, నా అనుభవంలో నన్ను దిద్దినవి ఆ రెండు వేళ్లే. బెత్తం నేర్పింది మాస్టారు ఎటువైపు ఉన్నారో కనిపెట్టడం మాత్రమే. మా తమ్ముడు రెండు నెలల్లో మానేశాడు, ఇంట్లో అందరూ వాడిని పిరికివాడన్నారు, ఆ అందరిలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు వాడిది కాదు. మెచ్చుకోలు లేకుండా వాడిపోయే పిల్లలు ఉంటారు, అలాంటివారికి ఈ తరగతి అప్పుడూ తగదు, ఇప్పుడూ తగదు.

బెత్తం మాయమై చాలా ఏళ్లయింది. మాస్టారికి ఇప్పుడు అరవై దాటాయి, ఆయన కుర్చీలో కూర్చుంటే, నాకు జూనియర్ అయిన ఒకావిడ తరగతి నడుపుతున్నారు. ఆమె స్వరం మెత్తన, దిద్దడం మాత్రం అదే పద్ధతి. పిల్లల మధ్య నుంచి నడుస్తూ వెనక్కి వచ్చే మోచేతినే చూస్తారు, అయితే ముట్టుకునే ముందు చెప్పి ముట్టుకుంటారు. బాగా చేసినప్పుడు బాగుందని కూడా అంటారు, అప్పుడు కుర్చీలోంచి చిన్న దగ్గు వినిపిస్తుంది. ఆడపిల్లల సంఖ్య సగానికి చేరడానికి ఆమే కారణమని నా నమ్మకం.

వసతుల విషయంలో మాత్రం ఏ మార్పూ లేదు. నేల సిమెంటుది, చాపలు లేవు, వాన పడితే వరండాలోకి సర్దుకోవాలి. మరుగుదొడ్డికి తాళం ఉంటుంది, వాచ్‌మన్‌ను వెతకాలి. సన్నాహంలో బాతు నడక ఇప్పటికీ చేయిస్తున్నారు, ఎదిగే పిల్లల మోకాళ్లకు అది మంచిది కాదని నేను రెండుసార్లు చెప్పినా ఫలితం కనబడలేదు. తల్లిదండ్రులు లోపల కూర్చోకూడదు, ఫోనులో పంపిన సందేశాలకు జవాబు రాదు.

కొత్తవారిని జూన్‌లోనూ జనవరిలోనూ మాత్రమే చేర్చుకుంటారు, ఎనిమిదేళ్లు నిండి ఉండాలి. యూనిఫామ్ ఒక సైజు పెద్దది కొనండి, మొదటి ఉతుకులోనే అది కురచవుతుంది. మా అమ్మాయి జూన్ టెస్టులో కూర్చుంటుందో లేదో ఇంకా చెప్పలేదు, నేను అడగలేదు.