లిబ్రే ఆఫీస్ బగ్‌జిల్లా రివ్యూ: తెలుగు రానివాళ్ళకి తెలుగు బగ్ చూపించడం ఎలా

తెనాలిలో నాది చిన్న డీటీపీ పని అండీ, కవితా సంపుటాలు, గుడి కరపత్రాలు, స్కూల్ సావనీర్లు ఇలాంటివి. మా చుట్టుపక్కల చాలామంది ఇంకా పాత నాన్ యూనికోడ్ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే లాగిస్తున్నారు, నేను మాత్రం కొన్నేళ్ళ క్రితమే యూనికోడ్‌కీ (ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే నంబర్ ఉండే పద్ధతి), వర్డ్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూడగలిగే) సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ రైటర్‌కీ మారిపోయా. ఆ సాఫ్ట్‌వేర్ మీద రివ్యూలు బోలెడున్నాయి, నేను రాసేది దాని బగ్‌జిల్లా గురించి, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా తేడా (బగ్) కనపడితే మనం వెళ్ళి చెప్పుకునే వెబ్‌సైట్. తెలుగులో పనిచేసేవాళ్ళు అటువైపే పోవట్లేదు, పోయినవాళ్ళు మొదటిసారి సరైన జవాబు రాక వదిలేస్తున్నారు, అందుకే రాయాలనిపించింది.

నా మొదటి రిపోర్ట్ సంగతి చెప్తా. 180 పేజీల పుస్తకం, ఎక్కడో డౌన్‌లోడ్ చేసుకున్న ఒక పాత ఫాంట్‌లో పెట్టా, చూస్తే "రాష్ట్రం"లో ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతున్నాయి. వెంటనే అకౌంట్ తెరిచి "తెలుగు ఒత్తులు సరిగ్గా రావట్లేదు, త్వరగా సరిచేయండి" అని వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్క లైన్ రాసి పంపేశా. కొన్నాళ్ళకి దాని స్టేటస్ "నీడ్ ఇన్ఫో" (ఇంకా వివరాలు కావాలి) అని మారింది, కింద ఒక వాలంటీర్ చాలా మర్యాదగా అడిగాడు: ఫైల్ ఏది, ఫాంట్ పేరేంటి, వెర్షన్ ఎంత, అసలు ఎలా కనపడాలి? నాకు ముందు చిరాకేసింది, కళ్ళ ముందు కనపడుతోంది కదా ఇంకా ఏం చూపించాలి అని. రాత్రి పడుకున్నాక వెలిగింది, అతనికి తెలుగు రాదు! మనకి రాష్ట్రం పాడైతే అన్నంలో రాయి తగిలినట్టు తెలిసిపోతుంది, అతనికి మంచిదీ చెడ్డదీ రెండూ అర్థంకాని బొమ్మలే.

అక్కడినుంచి నా పద్ధతి మారింది. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టా, ఒకటి ఇప్పుడు వస్తున్నది, ఇంకోటి నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్‌లో సరిగ్గా వచ్చినది, తప్పున్న చోట ఎర్ర గీత. ఆ పదం అక్షరం అక్షరం విడగొట్టి రాశా, ర, ఆ గుణింతం, ష, విరామం (అంటే పొల్లు), ట, విరామం, ర, సున్నా అని, ప్రతిదానికీ యూనికోడ్ నంబర్‌తో సహా. తర్వాత ఫైల్. 180 పేజీలు ఎవరు చూస్తారండీ, అందుకని సగం చెరిపేసి సేవ్ చేసి చూశా, తప్పు ఇంకా ఉంది, మళ్ళీ సగం, మళ్ళీ సగం, అలా ఎనిమిది సార్లకి ఒక్క పేజీ, ఆ తర్వాత ఒక్క పదం మిగిలింది. ఇది చేయడానికి అరగంట కూడా పట్టలేదు. ఇంకో సంగతి, అక్కడ పెట్టిన ఫైల్ ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు, కాబట్టి కస్టమర్ పుస్తకం యథాతథంగా ఎక్కించడం తప్పు, ఫోన్ నంబర్లూ అడ్రస్సులూ ఉంటే మరీను.

ఫారం మాత్రం చాలా బాగా ఆలోచించి పెట్టారు. ఏ స్టెప్స్ చేస్తే వస్తోంది, ఏం జరిగింది, ఏం జరగాలి, ప్రతిసారీ వస్తుందా అప్పుడప్పుడా, యూజర్ ప్రొఫైల్ (మన సెట్టింగ్స్ దాచుకునే చోటు) రీసెట్ చేసి చూశారా, అన్నీ విడివిడిగా అడుగుతుంది. వెర్షన్ వివరాలు మనం టైప్ చేయక్కర్లేదు, హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కితే కాపీ బటన్ ఉంటుంది, అది మొత్తం తీసుకెళ్ళి అతికించడమే. అదే మెనూలో సేఫ్ మోడ్‌లో, అంటే మన సెట్టింగ్స్ పక్కన పెట్టి, రీస్టార్ట్ చేసేది కూడా ఉంది, సగం తలనొప్పులు మన సెట్టింగ్స్ వల్లే అని అక్కడే తేలిపోతాయి.

వాలంటీర్ తర్వాత అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. నేను బ్రౌజర్‌లో కూడా అలాగే వస్తోంది అని గొప్పగా చెప్తే, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్ మూడూ అక్షరాలు పేర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీ (తయారుగా ఉన్న కోడ్) వాడతాయి, అందుకే అక్కడ చూస్తే ఏమీ తేలదు, అది వాడని విండోస్ నోట్‌ప్యాడ్‌లో అదే ఫాంట్ పెట్టి చూడండి అన్నాడు. చూశా, అక్కడా ముద్దే. లోహిత్ తెలుగు అనే ఇంకో ఫాంట్ పెడితే అన్నిచోట్లా శుభ్రంగా ఉంది. అంటే తప్పు ఫాంట్‌ది. బగ్ "నాట్ అవర్ బగ్" (ఇది మా బగ్ కాదు) అని మూసేశారు, నాకు కొంచెం కూడా కష్టమనిపించలేదు, ఎందుకంటే తప్పు ఎక్కడుందో దొరికింది.

ఇంత వివరం అవసరమా అని అడిగేవాళ్ళకి 2018 ఫిబ్రవరి గుర్తుచేస్తా. ఐఫోన్లలో ఐఓఎస్ 11.2.5 మీద ఒక తెలుగు అక్షరం వస్తే యాప్‌లు క్రాష్ అయ్యాయి కదా, అందరూ "జ్ఞా" అక్షరం అన్నారు. నిజానికి మామూలుగా టైప్ చేసిన జ్ఞా వల్ల ఏమీ కాదు, ఞ వత్తుకీ దీర్ఘానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి దూరితేనే క్రాష్. 11.2.6లో సరిచేశారు. అది ఓపెన్ సోర్స్ కాదనుకోండి, కానీ పాఠం అదే, మన లిపిలో కంటికి కనపడేది వేరు లోపల ఉండేది వేరు, అందుకే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, అసలు టెక్స్ట్ కూడా పెట్టాలి.

ఇక ఇబ్బందులు. బగ్‌జిల్లా అనేది 1998లో నెట్‌స్కేప్ వాళ్ళకోసం పుట్టిన సాఫ్ట్‌వేర్, ఆ పాత వాసన ఇంకా పోలేదు, ఫోన్‌లో చూడ్డం కష్టం. అంతా ఇంగ్లీషే. ఒకసారి పంపిన కామెంట్ దిద్దుకోలేం, కాబట్టి ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకోండి. నీడ్ ఇన్ఫోలో పెట్టి ఆరు నెలలు మనం పలకకపోతే గుర్తుచేస్తారు, అయినా పలకకపోతే మూసేస్తారు, అది న్యాయమే. పనిచేసేది ఎక్కువగా వాలంటీర్లు, కొన్ని బగ్స్ ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి, అరిచి లాభం లేదు. కొత్తది వేసేముందు తెలుగు, ఇండిక్ అనే మాటలతో వెతకండి, పాతది ఉంటే "నాకూ వస్తోంది" అని ఊరికే రాయకుండా మీ వెర్షన్, మీ ఫైల్ పెట్టండి. ఒక రిపోర్ట్‌లో ఒక్క బగ్గే, ఐదు బగ్స్ కలిపి రాస్తే ఏది సరయిందో ఏది కాలేదో ఎవరికీ తెలీదు. వీలైతే డైలీ బిల్డ్ (రోజూ తయారయ్యే పరీక్ష వెర్షన్) దింపుకుని చూడండి, మన పాతదాన్ని చెడగొట్టకుండా పక్కనే ఇన్‌స్టాల్ అవుతుంది, ఒక్కోసారి మనం చెప్పబోయేది అప్పటికే బాగుచేసేసి ఉంటుంది.

ఐదుకి నాలుగు ఇస్తా, తగ్గిన ఒకటీ ఆ ఇంటర్‌ఫేస్‌కే. అన్నట్టు ఆ ఒక్క పదం ఫైల్‌నీ, రెండు బొమ్మల్నీ అలాగే ఫాంట్ తయారుచేసినాయనకి పంపా, ఆయనకి తెలుగు వచ్చు కాబట్టి ఎర్ర గీత కూడా అక్కర్లేకపోయింది, వారంలో కొత్త ఫాంట్ ఫైల్ పంపారు. పుస్తకం ఆ ఫాంట్‌లోనే ప్రెస్‌కి వెళ్ళింది.